నాగేంద్ర పేరు మీద పదకొండు పాయింట్లు

సహోదరులారా, సహోదరీలారా, పోయిన సంవత్సరం ఈ రోజుల్లో నాకు మనుషులు కనబడేవారు కాదు, వాళ్ళ మీద నేను రాసుకున్న పాయింట్లే కనబడేవి. నాకు చెడు అలవాట్లు లేవు, బీడీ కూడా ముట్టను, అందుకే నాలో ఏదో చెడిందని నాకుగానీ ఇంట్లోవాళ్ళకుగానీ చాలా నెలలు తెలియలేదు. అన్నం తింటే కడుపులో మంట, ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వారని గుండెదడ. డాక్టరు పరీక్షలు చేసి ఏమీ లేదన్నాడు, ఏమీ లేదని ఎందుకన్నాడా అని ఆయన మీద కూడా నాకు అనుమానం వచ్చింది. నా జబ్బు అదే. ప్రభువు నన్ను దాన్నుంచి ఎలా విడిపించాడో చెబుతాను, నోటితో చెబితే వరస తప్పుతానని రాసుకొచ్చాను, ఓపిక పట్టండి.

ముందు నా పని గురించి చెప్పాలి. మాది మంగంపేట దగ్గర, నాన్న ముగ్గురాయి గనుల్లో పనిచేసేవాడు, నేను బీఫార్మసీ చదివి కర్నూలు వచ్చాను. కల్లూరులో ఒక మేడ మీద తొమ్మిది మందిమి మెడికల్ కోడింగ్ చేస్తాం. అమెరికాలో డాక్టరు రోగిని చూసి రాసిన కాగితం మా కంప్యూటరుకు వస్తుంది, మేము చదివి ప్రతి జబ్బుకూ దాని నంబరు వేస్తాం, ఆ నంబర్లు చూసే ఇన్సూరెన్సు కంపెనీ ఆసుపత్రికి డబ్బు కడుతుంది. ఒక్క నంబరు తప్పితే రోగికి లేని జబ్బు అంటుకుంటుంది.

ఆ సంవత్సరం మా ఆఫీసుకు ఒకరి తర్వాత ఒకరు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు రావడం మొదలైంది. డాక్టరు రాసింది కంప్యూటరే చదువుతుందట, నంబరు కూడా అదే వేస్తుందట, మనిషి ఊరికే చూసి సరే అంటే చాలట. అమెరికాలో అందరూ కొంటున్నారనీ ఈ వ్యాపారం ఏటేటా పెరుగుతోందనీ రంగురంగుల పుస్తకాలు పంచిపెట్టారు. మా సారు వాటిలో గీత పైపైకి పోయే పేజీ ఒకటి చించి గోడకు అంటించాడు. గీత అంత పైకి పోతే మేము ఎక్కడికి పోవాలి అని నేను అడగలేదు, మనసులోనే పెట్టుకున్నాను, అక్కడే పట్టు దొరికింది సాతానుకు.

మూడోసారి వచ్చినాయన రెండు వారాలు మా ఆఫీసులోనే ఉన్నాడు. సారు ఆయన పక్కన కూర్చోబెట్టింది నన్ను కాదు, నాగేంద్రను. నాగేంద్రది రాజంపేట, వాళ్ళ నాన్నకు బజారులో కిరాణా కొట్టు ఉంది. మూడేళ్ళుగా నా పక్క సీటు, ఒకే షేర్ ఆటో, మధ్యాహ్నం అతను తెచ్చే సంకటిలో సగం నాదే. ఇప్పుడు రోజూ గంటసేపు లోపలి గదిలో తలుపు వేసుకుని ఆ అమ్మేవాడితో కూర్చుంటున్నాడు. నేను నోట్‌బుక్కు తీశాను. ఒకటి, నేను దగ్గరికి పోతే స్క్రీన్ మార్చేస్తున్నాడు. రెండు, నేను వేసిన పాత నంబర్లు ఎందుకు వేశానని అడుగుతున్నాడు. మూడు, నా కాగితాలు ప్రింటు తీశాడు. ఇలా పదకొండు రాశాను. నా పనంతా ఆ యంత్రానికి నేర్పించి, నన్ను తీసేయించి, తాను నిలబడాలని చూస్తున్నాడని తేల్చుకున్నాను. అతను ఎక్కిన ఆటో వదిలేసి తర్వాతది ఎక్కడం మొదలుపెట్టాను.

"ఏమప్పా సుధాకరా, నన్ను చూసి ఆటో యాల వదిలేస్తాండావు? నా పక్కన కూచుంటే ముక్కు మూసుకోవాల్సి వస్తాండాదా?" అని ఒకరోజు అందరి ముందూ అడిగాడు. అందరూ నవ్వారు. అది పన్నెండో పాయింటు చేద్దామనుకుని, చిన్నదని వదిలేశాను.

నోట్‌బుక్కు నా భార్య సునీత చేతికి దొరికింది.

"ఎవురి జాబితా ఇది?"

"ఆఫీసు పని."

"మీ ఆఫీసులో మన చర్చి అయ్యగారు గూడా పని చేస్తాండారా?"

అయ్యగారూ, మీరు ముందే కూర్చున్నారు, క్షమించండి, మీ పేరు మీద కూడా రెండు పాయింట్లు ఉండేవి. ఉద్యోగం ఎట్లా ఉందని రెండు ఆదివారాలు వరసగా అడిగారు. ప్రార్థనలో నా పేరు చెప్పేముందు కొంచెం ఆగారు.

సునీత పేజీలన్నీ తిప్పి, "నా పేజీ యాడుండాది?" అంది. లేదన్నాను. "రేపు రాస్తావులే" అని పుస్తకం నా చేతిలో పెట్టి తిరగమోత వేయడానికి పోయింది. సంఘం ముందు అబద్ధం చెప్పకూడదు, ఆ సాయంత్రమే రాశాను, ఒకే పాయింటు, నోట్‌బుక్కు తనకెలా దొరికింది అని.

తర్వాత ఒక శనివారం నాగేంద్ర మెట్ల దగ్గర ఆ అమ్మేవాడి చేతికి ఒక సీడీ ఇవ్వడం చూశాను. ఇంటికి వచ్చి సారుకు ఉత్తరం రాశాను, నాగేంద్ర మన రోగుల కాగితాలు బయటివాళ్ళకు ఇస్తున్నాడని. మా పనిలో ఆ ఒక్క మాట చాలు, మనిషిని ఆ రోజే పంపేస్తారు, ఇంకెక్కడా ఆ పనిలోకి తీసుకోరు. అది తెలిసే రాశాను, సహోదరులారా.

మరుసటి రోజు నెలలో మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల. ఉత్తరం చొక్కా జేబులోనే ఉంది. రొట్టె దగ్గరికి వచ్చేసరికి కడుపు మంట అని సునీతకు సైగ చేసి కూర్చుండిపోయాను, అలా కూర్చోవడం అది మూడో నెల. కూర్చునే ప్రార్థన చేశాను, "ప్రభువా, మా ఆఫీసులో తప్పు చేస్తున్నది ఎవరో రేపు అందరికీ చూపించు" అని. ఎంత ధైర్యంగా అడిగానో చూడండి.

సోమవారం సారు ఇంకా రాలేదు. ఆ రోజు సాఫ్ట్‌వేర్ వేసిన నంబర్లలో తప్పులు వెతికే పని నాకిచ్చారు, అంతకన్నా ఇష్టమైన పని నాకు లేదు. మొదటి కాగితమే దొరికింది. ఒక ముసలామె దగ్గుతో క్లినిక్కుకు వచ్చింది, డాక్టరు "న్యుమోనియా అని అనుమానం, ఎక్స్‌రే తీయాలి" అని రాశాడు. సాఫ్ట్‌వేర్ న్యుమోనియా అనే మాట చూసి దాని నంబరు 486 వేసేసింది. మాకు మొదటి వారంలోనే నేర్పే నియమం ఒకటుంది, క్లినిక్కుకు వచ్చి పోయే రోగికి అనుమానం ఉన్న జబ్బు నంబరు వేయకూడదు, కంటికి కనబడిన లక్షణానికే వేయాలి. దగ్గు కనబడింది, దగ్గుకు 786.2, అంతే. నేను సంతోషంగా తప్పుల కాగితం మీద రాశాను, "ఇది అనుమానాన్ని నిజంగా రాసింది. ఇలాంటిదాన్ని నమ్మి మనుషుల జీవితాలు అప్పగించలేము." సంతకం చేసి పెన్ను మళ్ళీ జేబులో పెట్టబోతే, సారుకిద్దామని తెచ్చిన ఉత్తరం అడ్డం వచ్చింది, బయటికి తీశాను.

రెండు కాగితాలూ ఒకే చేతిరాత, పక్కపక్కన ఉన్నాయి. నేను కళ్ళతో చూసింది ఏమిటి? ఒక మనిషి ఇంకొక మనిషికి సీడీ ఇచ్చాడు. నేను రాసింది ఏమిటి? పదకొండు పాయింట్లలో ఒక్కటి కూడా దగ్గును దాటి లేదు, నేను మాత్రం అందరికీ 486 వేసుకుంటూ పోయాను, నాగేంద్రకు, అయ్యగారికి, నా ఇల్లాలికి. ఆదివారం నేను అడిగిన ప్రార్థనకు ప్రభువు సోమవారం పదిగంటలకే జవాబిచ్చాడు, అందరికీ చూపించమంటే దయతలచి నా ఒక్కడికే చూపించాడు. పైన డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కకు పోయి, "ప్రభువా, తప్పు చేస్తున్న ఆ మనిషిని నేనే" అన్నాను.

కిందికి దిగి ఉత్తరం నాగేంద్ర చేతికిచ్చాను. అతను రెండుసార్లు చదివాడు.

"సీడీలో ఏముండాదో అడగవా?"

"అడగను."

"అడగకపోయినా చెప్తా. ఆయన తెచ్చిందే. మన సిస్టంలో ఎక్కల్యా, తిరిగిచ్చినా. నీ కాగితాలు యాల అడిగినానంటే, ఆ సాఫ్ట్‌వేర్ తప్పు అని చెప్పాలంటే ఒప్పు ఎవురిదో చూపించాల గదప్పా." మళ్ళీ ఉత్తరం వైపు చూసి, "నా బతుకు తీసేటోడివి" అన్నాడు, ఉత్తరం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

క్షమించాడని అనుకోకండి. రెండు వారాలు నాతో మాట్లాడలేదు, సంకటి ఒక్కడే తిన్నాడు, అది న్యాయమే. ఒక పొద్దున ఆటోలో పక్కకు జరిగి, "కూచో, ముక్కు మూసుకోని" అన్నాడు. ఈ సాక్ష్యంలో పేరు చెప్పొచ్చా అని అడిగితే, "చెప్పు, సంకటి మా ఇంటిదని గూడా చెప్పు" అన్నాడు. చెప్పాను.

సారు సాఫ్ట్‌వేర్ కొన్నాడు. దాన్ని నేను ఇప్పటికీ నమ్మను, అది వేసిన ప్రతి నంబరూ అనుమానంగానే చూస్తాను, ఇప్పుడు నా జీతం అందుకే. రేపు నా ఉద్యోగం ఉంటుందో లేదో నాకు తెలియదు. నోట్‌బుక్కు మాత్రం సునీత పొయ్యిలో పెట్టింది, తన పేజీ చదివి నవ్విన తర్వాతే. కడుపు మంట తగ్గింది, దేవునికే మహిమ.

ఆ ఉత్తరం ఇంకా నాగేంద్ర దగ్గరే ఉంది. అది సారుకు చూపిస్తే, అబద్ధపు నింద రాసినందుకు పోయేది నా ఉద్యోగమే. తిరిగి ఇమ్మని అడగలేదు, ఏం చేస్తాడో అని నేను ఇంతవరకూ ఒక్క పాయింటు రాయలేదు. నన్ను ఎరిగినవాళ్ళకు ఇది ఎంత పెద్ద అద్భుతమో తెలుసు.

ఈ రోజు కూడా మొదటి ఆదివారం, బల్ల సిద్ధంగా ఉంది. మీలో ఎవరి జేబులోనైనా అలాంటి కాగితం ఉంటే, మనసులో రాసుకున్నదైనా సరే, ముందు దాన్ని ఆ మనిషి చేతికిచ్చి రండి, ప్రభువు దగ్గర చోటుంది. నేను వెనక బెంచీలో కూర్చుంటాను, తోడు కావాలంటే వస్తాను.