ప్రెసిడెంటు భార్య హెల్మెట్

అమెరికాలో మా అయోవా రాష్ట్రంలో మోటార్‌సైకిల్ ఎక్కేవాడు తలకేమీ పెట్టుకోనక్కర్లేదు. అడిగే చట్టం లేదు, పట్టుకునే పోలీసూ లేడు. ఆ చట్టం రాకుండా కాపలా కాయడమే జీవితాశయంగా పెట్టుకున్నవాడు మా ఊరి ఆరిన్ హాగెన్. ఏటా ఏప్రిల్లో మా చుట్టుపక్కల రైడర్ల క్లబ్బు బళ్ళన్నీ వరసకట్టి రాజధానికి పోతాయి, శాసనసభ మెట్ల ముందు నిలబడి "ఎవడి తల వాడి ఇష్టం" అని అరిచి రావడానికి. వరసలో మొదటి బండి క్లబ్బు ప్రెసిడెంటు ఆరిన్‌ది. ఆయన వెనక సీట్లో ఆయన భార్య ట్వైలా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ చోటు అదే.

నేను, ట్వైలా బడి వంటింట్లో కలిసి పనిచేశాం. చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర వండిన రోజు పక్కన దాల్చినచెక్క వేసిన తియ్యటి సినమన్ రోల్ పడకపోతే మా పిల్లలు తిరుగుబాటు చేస్తారు. ఆ రోల్స్ చుట్టే చెయ్యి ట్వైలాది. మాట తక్కువ మనిషి. వంటింట్లో ఎవరు అరిచినా తలవంచుకుని పిండి పిసుక్కునేది. ఆరిన్ చెడ్డవాడని చెప్పను. మంచు పడితే ముందు పక్కింటి ముసలమ్మ వాకిలి తవ్వి, ఆ తర్వాతే తన వాకిలి తవ్వుకునేవాడు. కానీ ఊరంతా తన మాట వినాలనుకునే మగవాడికి ఇంట్లో మాట వినే అలవాటు ఉండదు కదా. ఆయనకూ లేదు.

ఒక శరదృతువులో, మొక్కజొన్న కోతల కాలంలో, ముందు పోతున్న లారీ చక్రం కింద నుంచి ఒక రాయి లేచి ట్వైలా కనుబొమ్మ మీద తగిలింది. ఆవిడ అరిచింది. ఇంజను మోతలో ఆవిడ నవ్వుతోందనుకుని ఆరిన్ ఇంకాస్త వేగం పెంచాడు. ఇంటికొచ్చి బండి దిగాక గానీ చూడలేదు, కన్నూ చెంపా చొక్కా కాలరూ నెత్తురే. కుట్లు పడ్డాయి. అవి ఆరకముందే ట్వైలా, శనివారం పొద్దున హోటల్లో, ఆయన స్నేహితులందరి ముందూ, కాఫీలో చెంచా తిప్పుతూ అంది.

"నాకొక హెల్మెట్ కొనుక్కోవాలనుంది."

క్లబ్బు వైస్ ప్రెసిడెంటు డెల్మార్ నోట్లోది నమలడం ఆపేశాడు.

"ఏమే, నా మీద నమ్మకం పోయిందా?" అన్నాడు ఆరిన్ నవ్వుతూనే.

"నీ మీద కాదు. లారీల మీద."

"పోప్ గారి భార్య చర్చి మానేసినట్టుంది," అన్నాడు డెల్మార్.

"పోప్‌కి భార్య ఉండదురా గాడిదా," అన్నాడు ఆరిన్. అందరూ పగలబడి నవ్వారు. మాట నవ్వులో కలిసిపోయింది. అలా కలిపేయడంలో ఆయన దిట్ట.

ట్వైలా మాత్రం మర్చిపోలేదు. మార్చిలో ఒకరోజు బడి అయ్యాక నన్ను వెంటబెట్టుకుని పక్క ఊళ్ళో నాడీన్ కొట్టుకు వెళ్ళింది. నాడీన్ ఒకప్పుడు పందేల్లో బండి నడిపిన మనిషి. ఇప్పుడు మోకాలు వంగదు, నోరు మూతపడదు.

ట్వైలా ముందు తేలిగ్గా, టోపీలా ఉన్నదొకటి తీసి పెట్టుకుంది. "ఇది హాయిగా ఉంది," అంది.

"పెట్టుకోగానే హాయిగా ఉంటే అది నీది కాదు తల్లీ," అంది నాడీన్. "తల ఊపు. కాదన్నట్టు ఊపు."

ట్వైలా ఊపింది. తల ఇటు తిరిగింది, హెల్మెట్ అక్కడే ఉండిపోయింది.

"చూశావా? నువ్వొక దిక్కు, అదొక దిక్కు. రోడ్డు మీద పడ్డప్పుడు కూడా అది నీతో రాదు. మొగుడిలాగా."

ట్వైలా అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. రెండోది ముఖమంతా కప్పేది. బుగ్గలు రెండూ నొక్కుకుపోయి పెదవులు ముందుకు పొడుచుకొచ్చాయి. "ఊపిరాడుతోందా? ఆడుతోంది కదా. బుగ్గలకి అలాగే ఉండాలి, వాడగా వాడగా సర్దుకుంటుంది. నుదుటి మీద ఒక్కచోట నొప్పెడితే మాత్రం వద్దు, అది ఎన్నాళ్ళకీ సర్దుకోదు. నాకేం తొందర లేదు, పెట్టుకుని కొట్టంతా తిరుగు," అంది నాడీన్. తిరిగాం. నేను చేతితొడుగులు చూస్తుంటే ట్వైలా నా వెనకే గ్రహాంతరవాసిలా నడిచింది. తీస్తే నుదుటి మధ్య ఎర్రటి మచ్చ. ఆవిడ తల ముందుకీ వెనక్కీ కాస్త పొడుగట, ఆ కంపెనీ గుండ్రటి తలలకు చేస్తుందట. మనుషుల తలల్లో ఇన్ని రకాలున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడోది కుదిరింది. నాడీన్ వెనక నుంచి అంచు పట్టుకుని ముందుకు ఊడబీకబోయింది. రాలేదు. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్ళు దూర్చి చూసింది. అద్దం దించింది. లోపలి నుంచి ట్వైలా ఏదో అంది, మాకు వినపడలేదు. అద్దం ఎత్తాక మళ్ళీ చెప్పింది.

"ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఇన్నేళ్ళూ ఆ బండి మీద నా ఆలోచన నాకే వినపడేది కాదు."

పచ్చసొన రంగు హెల్మెట్. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుంది. దారంతా దాని మీద చెయ్యి తియ్యలేదు.

ఏప్రిల్ వచ్చింది. ఊరేగింపు ముందు రోజు వాళ్ళింట్లో జరిగిన మాటలు ట్వైలాయే నాకు చెప్పింది.

"ఆ ఒక్కరోజూ దాన్ని వదిలెయ్. ఆ తర్వాత నెత్తిన బాణలి పెట్టుకున్నా నేనేమీ అనను," అన్నాడట ఆరిన్.

"ఎవరి తల వాళ్ళ ఇష్టం అని బోర్డు మీద రాసింది నువ్వే కదా?"

"అది గవర్నమెంటుతో. పెళ్ళాంతో కాదు."

మర్నాడు పొద్దున వాళ్ళ వాకిట్లో బళ్ళన్నీ ఇంజన్లు ఆన్ చేసుకుని నిలబడి ఉన్నాయి. దారిలో తినడానికి శాండ్‌విచ్‌లు చేసిపెడతానని నేనూ వెళ్ళాను. ట్వైలా హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని, బండి పక్కన వచ్చి నిలబడింది.

"ఏంటి ట్వైలా, చంద్రుడి మీదికా?" అన్నాడు డెల్మార్.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది ఆవిడ నిలబడటం. అందరూ ఆరిన్ వైపు చూశారు. ఆయన మెడ ఎర్రబడింది. నలుగురూ చూడకపోతే ఎక్కించుకునేవాడేమో. నలుగురూ చూశారు. కాలితో స్టాండు తన్నేసి, వెనక సీటు ఖాళీగా, ముందుకు సాగిపోయాడు. మిగిలినవాళ్ళు ఆయన వెనక వరసకట్టారు. మోతంతా అణిగిపోయేదాకా ట్వైలా అక్కడే నిలబడి, తర్వాత లోపలికెళ్ళి, హెల్మెట్ తియ్యకుండానే గిన్నెలు కడిగింది.

రాజధాని దారిలో ఆయనకేమీ కాలేదు. అరిచారు, ఫోటోలు దిగారు, క్షేమంగా తిరిగొచ్చారు. మా ఊళ్ళోకొచ్చాక, పెట్రోలు బంకులోకి తిప్పుతుండగా పడ్డాడు. చలికాలమంతా మంచు మీద చల్లిన ఇసుక ఏప్రిల్లో ఇంకా మలుపుల దగ్గర మేటలు వేసి ఉంటుంది. సైకిలు వేగం కూడా లేదు. ముందు చక్రం జారింది, బండి నెమ్మదిగా పక్కకు వాలింది, ఆరిన్ తల వెనకభాగం కాలిబాట అంచుకు తగిలింది. బండికి గీత కూడా పడలేదు. డెల్మార్ దాన్ని నడుపుకుంటూ ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టాడు.

మా ఊరి నోరు గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ట్వైలా ఇంటికి ఇరుగుపొరుగు వండి పంపిన కాసరోల్ గిన్నెలు వరసగా వచ్చాయి. గిన్నెతో పాటు మాటా వచ్చింది. "మొగుడి మనసు కష్టపెట్టి పంపింది." "హెల్మెట్ కొని ఇంట్లో పెట్టుకోవడమే అపశకునం." చర్చిలో పియానో వాయించే ఆవిడ గుమ్మంలోనే నిలబడి మెత్తగా అంది, "నువ్వు వెనక కూర్చుని ఉంటే మలుపు ఇంకాస్త నెమ్మదిగా తిప్పేవాడమ్మా." ఆ గిన్నె తీసుకుని ఆవిడ మొహాన కొట్టాలనిపించింది నాకు. ట్వైలా థాంక్స్ చెప్పింది. గిన్నె శుభ్రంగా కడిగి, తుడిచి, మర్నాడు తిరిగిచ్చింది. హెల్మెట్ ఉంటే ఆరిన్ దుమ్ము దులుపుకుని లేచేవాడన్న మాట మాత్రం ఒక్క నోటి నుంచీ రాలేదు.

మెదడు వాచిందని డాక్టర్లు ఎడమవైపు పుర్రె ఎముక ముక్క తీశారు. వాపు తగ్గాక తిరిగి పెడితే చీము పట్టింది, మళ్ళీ తీశారు. ఇంకో ముక్క తయారుచేసి పెట్టేదాకా ఆగాలన్నారు. ఆయన తల ఆ వైపు, కింద పడ్డ పుచ్చకాయలా సొట్టపోయి ఉండేది. చర్మం కింద ఏ అడ్డూ లేదు. మంచం దిగితే చాలు, బాత్రూంకైనా సరే, తలకు హెల్మెట్ ఉండి తీరాలి. అది డాక్టరు ఆజ్ఞ. ఎవడి తలైతేనేం, ఇష్టంతో పనిలేదు.

ఆసుపత్రి వాళ్ళిచ్చినది గట్టిది, బరువు. ఆరిన్ దాన్ని ఎడమచేత్తో పీకి విసిరేసేవాడు. కుడిచెయ్యి లేవదు. మాటా పోయింది, "ఊ" అనేవాడు, "ట్వై" అనేవాడు, అంతే. పెద్దది తెప్పిస్తే హాయిగా ఉండేది గానీ తల తిప్పినప్పుడల్లా జారి కళ్ళ మీదికొచ్చేది. నొప్పెడితే ఉంచుకోడు, వదులైతే ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. ట్వైలా ఎన్నో తెప్పించి చూసింది. మెత్తటి స్పాంజిది ఒకటి కుదిరింది. దాని లోపలి అస్తరు విప్పి, సొట్ట దగ్గర రాసుకోకుండా పాత ఫ్లానెల్ గుడ్డ వేసి మళ్ళీ కుట్టుకుంది. పొద్దున్నే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు బుగ్గలూ పట్టుకుని తల అటూ ఇటూ ఊపి చూసేది. చూసేవాళ్ళకు ముద్దుచేస్తున్నట్టుండేది. ఆ పని చేసేటప్పుడు ఆవిడ ముఖం చూసినవాళ్ళు ఆ మాట అనరు.

పచ్చసొన రంగుది ఏమైందని ఒకసారి అడిగాను. "నాడీన్‌కి తిరిగిచ్చేశాను. వెనక కూర్చోవడానికి ముందు బండి నడిపేదెవరు?" అంది.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. డెల్మార్ ఇప్పుడు ప్రెసిడెంటు. ఊరేగింపు పొద్దున బళ్ళన్నీ ఆరిన్ వాకిట్లోకే వచ్చాయి, గౌరవంగా. ట్వైలా ఆయన్ని చక్రాల కుర్చీలో బయటికి తెచ్చింది. పాత తోలు చొక్కా తొడిగింది, చొక్కా మీద బ్యాడ్జీలు కూడా సర్దింది. వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆయన భుజం తట్టారు. డెల్మార్ కెమెరా తీశాడు.

"ఫోటో దిగుదాం. దారిలో పెద్దది చేయించి శాసనసభ దగ్గర పట్టుకుంటాం. ఒక్క నిమిషం అది తీసెయ్ ట్వైలా."

"ఏది?"

"అదే, ఆ టోపీ. చంటిపిల్లలకి పెట్టేదానిలా ఉంది. ఆరిన్‌ని అలా చూస్తే జనం ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

డెల్మార్ కెమెరా దించాడు. "చూడూ, తల అతనిది. అతన్నే అడుగు."

ట్వైలా కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది. "ఆరిన్, టోపీ తియ్యమంటున్నారు. తియ్యాలా?"

ఆయన బళ్ళ వైపు చూశాడు. తన మనుషుల వైపు చూశాడు. వెన్ను నిటారుగా చేసుకోబోయాడు. "ఊ," అన్నాడు.

"విన్నావా!" అన్నాడు డెల్మార్.

ట్వైలా లేచి రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుంది. "సరే. తీసుకో."

ఆరిన్ ఎడమచెయ్యి లేపాడు. గడ్డం కింద బకిల్ రెండువైపులా ఒకేసారి నొక్కితే గానీ ఊడదు. వేళ్ళు దాని మీద జారాయి. మళ్ళీ వెతుక్కున్నాయి, మళ్ళీ జారాయి. పట్టీని పట్టుకుని లాగాడు. ఒక్కొక్కరూ ఇంజన్లు ఆపేశారు. డెల్మార్ ముందుకు వంగాడు.

"ముట్టుకోకు," అంది ట్వైలా. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఇష్టం ఆయనదైతే చెయ్యీ ఆయనదే అవ్వాలి."

"ట్వైలా, ఇక చాలు," అన్నాను నేను.

ఆవిడ నా వైపు చూడలేదు. ఆరిన్ పట్టీని ఇంకోసారి లాగాడు. నోటి చివర నుంచి చొంగ కారి బ్యాడ్జీల మీద పడింది. మగవాళ్ళందరూ బూట్ల వైపు చూసుకున్నారు. చివరికి చెయ్యి ఒళ్ళో పడిపోయింది. ఆయన ఏడుపు మొదలుపెట్టాడు. "ట్వై," అన్నాడు. "ట్వై."

అప్పుడు వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని కోటు చెయ్యితో ఆయన మూతి తుడిచింది, కళ్ళు తుడిచింది. ఆయన లాగిన లాగుడికి పట్టీ వదులైంది. దాన్ని బిగించి, కింద రెండు వేళ్ళు దూర్చి చూసింది. బుగ్గలు పట్టుకుని తల అటూ ఇటూ ఊపింది. హెల్మెట్ తలతో పాటే కదిలింది.

"ఇప్పుడు తియ్యి ఫోటో," అంది డెల్మార్‌తో.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఫోటో ఎవరూ తియ్యలేదు.