కమానులో ఒక పట్టీ తక్కువ

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, బెంగళూరు పక్కన జిగణిలో లోడు బండ్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజరుగా చేరిన రెండో ఏడాది, వానలు మొదలైన రోజుల్లో జరిగిన సంగతి ఇది. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. బండి తెచ్చినవారి ఇబ్బంది విని, దాన్ని మెకానిక్కులకు పనికొచ్చే మాటల్లో జాబ్ కార్డు మీద రాయడం అడ్వైజరు బాధ్యత. పని చేయించేది ఫోర్‌మన్. నియమం దాటే పనికి మేనేజరు అనుమతి కావాలి.

ఆ ఉదయం మునిరాజప్ప అనే పెద్దాయన పికప్ తెచ్చి, వెనక కమానుల్లో ఒక్కో పట్టీ తీసేయమన్నాడు. కమాను అంటే ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్ట. నిండు సరుకు మోయడానికి చేసింది కాబట్టి ఖాళీ బండిలో అది వంగదు, గతుకు వస్తే ఎత్తి పడేస్తుంది. అదనంగా పట్టీ వేయమనేవాళ్ళనే అప్పటిదాకా చూశాను.

మా ఫోర్‌మన్ బాషా నవ్వాడు. "లోడు బండిలో సోఫా సుఖం కావాల్నా అప్పా?"

"సుఖం నాకు కాదప్పా. ఎనక పండుకోనుండే వాళ్ళకి."

పైన పూలు కట్టే చట్రం విప్పి తెచ్చినందువల్ల మాకు తెలియలేదు. అది వాళ్ళ పేటలో శవాలను తీసుకెళ్ళే బండి. బాషా మళ్ళీ నవ్వలేదు.

"పెద్దోళ్ళ పెట్టె కదల్దమ్మా," అన్నాడాయన నాతో. "పోయిన వారం సిన్న పెట్టె. రోడ్డు హంపు మీద ఎగిరింది. వాళ్ళ నాయన దారి పొడుగునా దాని మింద పండుకోని వచ్చినాడు. ఆ తల్లి నన్నొక మాట అనలేదు. ఇది మెత్తగా పోకపోతే సిన్నోళ్ళకి నేను రానని సెప్పేస్తా. వాళ్ళకి యేరే బండి యాడ ఉండాది?"

మేనేజరు మొదట కుదరదన్నారు. వెనక బ్రేకుకు ఎంత ఒత్తిడి పోవాలో చూసే కవాటం, బండి ఎంత కిందికి దిగిందన్నదాన్ని బట్టి బరువును అంచనా వేస్తుంది. పట్టీ తీస్తే ఖాళీ బండి కూడా దానికి నిండు బండే. అప్పుడు తడి రోడ్డు మీద వెనక చక్రాలు పట్టేసి జారతాయి. కవాటాన్ని మళ్ళీ సరిచేసి బ్రేకు పరీక్ష చేస్తామని, ఇక సరుకు వేయనని ఆయన మాటిచ్చాడని చెప్పాక ఒప్పుకున్నారు.

చాసీని లేపి స్టాండ్ల మీద నిలిపి, కమానును ఇరుసుకు బిగించే యు-బోల్టులు విప్పి, కట్టను క్లాంపుతో అదిమిపట్టి మధ్య బోల్టు తీశారు. బండికి తగిలించే కళ్ళు (రింగులు) కొసల్లో ఉన్న పై పట్టీని, దానికి ఆసరాగా ఉండే రెండోదాన్ని ముట్టుకోరు. అడుగుదాని పైనున్నదాన్ని తీశారు. రెండు పక్కలా అదే తీయాలి, లేకపోతే బండి ఒరుగుతుంది. కట్ట పలచబడింది కాబట్టి పొట్టి మధ్య బోల్టు వేశారు. కవాటాన్ని సరిచేసి బ్రేకు పరీక్ష కూడా చేశారు.

ఇక నడిపి చూడాలి. వెనక ఎంత బరువు పెట్టాలని బాషా అడిగాడు. మునిరాజప్ప పక్కనున్న బోల్టుల డబ్బాను రెండు చేతుల మీదికి ఎత్తుకుని, దించి, కొన్ని బోల్టులు తీసేసి, మళ్ళీ ఎత్తాడు.

"ఇంత," అన్నాడు.

ఆ డబ్బాను నేను ఎత్తి చూడలేదు. ఇప్పుడైతే ఎత్తకుండానే తెలుస్తుంది.

పారిశ్రామికవాడ హంపుల మీద బాషా నడిపాడు, మునిరాజప్ప వెనక డబ్బా పక్కన కూర్చున్నాడు. డబ్బా ఎగరలేదు కానీ కొద్దిగా జరిగింది. ఇంకో పట్టీ తీస్తే బండి నిలవదని చెప్పాను.

"జరిగితే జరగనీమ్మా. పట్టుకుంటారు," అన్నాడు.

బండి మోయగల గరిష్ఠ బరువు దాని ప్లేటు మీదే ఉంటుంది. మోయబోయే కనిష్ఠ బరువు ఎక్కడా ఉండదు, అడగాలి. ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, కమాను పని మీద వచ్చిన ప్రతివారినీ ఆ కనిష్ఠ బరువే ముందు అడిగాను.