జాబితాలో చెల్లెలు

రాజంపేట దగ్గర మా నాయనకు చిల్లర అంగడి ఉండేది. ఏ సరుకు ఎవరికి ఎలా ఇవ్వాలో నాకు ఏడేళ్ళకే తెలుసు. పెద్దిళ్ళ ఆడవాళ్ళకు పొట్లం చేతికిచ్చేవాళ్ళం. ఊరి చివరి పేటవాళ్ళకు గట్టు మీద పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగేవాళ్ళం, వాళ్ళు తీసుకునేవాళ్ళు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. గీచి గీచి బేరమాడటం మాత్రం బాగా నేర్చుకున్నాను. నన్ను మించిన బేరగత్తె మా వీధిలో లేదని అందరూ అనేవారు, అందరికంటే ఎక్కువగా నేనే అనేదాన్ని.

అంగడి మూతపడి, నా సంసారం కూడా చెదిరాక, కువైట్‌లో ఇంటిపనికి చేరాను. హవల్లీలో పెద్ద ఇల్లు. ఇంటావిడను మామా అనాలి. నాకంటే ముందునుంచే అక్కడ ఒక ఇథియోపియా మనిషి పనిచేసేది. పెద్దవాళ్ళు ఆమెను హబషీ అనేవారు, పిల్లలు అబ్దా అనేవారు. అంటే బానిస. వారం తిరగకుండానే హబషీ అన్న మాట నాకూ నోటపడింది.

చేరిన మూడో రోజునే మామాతో మొదటి బేరం పెట్టుకున్నాను. నా గ్లాసు హబషీ గ్లాసుతో కలపకూడదు, అంతే. మామా నవ్వి సరేనంది. ఇంటివాళ్ళ గాజు గ్లాసులు పై అరలో, నా స్టీలు గ్లాసు నడి అరలో, ఆమె ప్లాస్టిక్ గ్లాసు సింకు కింద. ఆమె రంగుకూ నా రంగుకూ తేడా తెలియాలంటే మమ్మల్ని ఎండలో పక్కపక్కన నిలబెట్టి చూడాలి. మా అమ్మ నన్ను పిలిచేదే కర్రిదానా అని. నడి అర దొరికిన సంబరంలో అది గుర్తు రాలేదు.

నేను చేరిన రెండేళ్ళకు, తొంభై ఆగస్టులో, ఇరాక్ సైన్యం వచ్చింది. మూడో వారంలో ఇంటివాళ్ళు రెండు కార్లలో ఎడారి దారిన సౌదీకి బయలుదేరారు. పోతూ పోతూ మామా బీరువా తెరిచి నా పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. హబషీది అక్కడ లేదు. ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మామా మరిది. అతను ఆమెను ఈ ఇంటికి అరువిచ్చాడు, పాస్‌పోర్టు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. అతని కుటుంబం అప్పటికే దేశం దాటింది.

"పది రోజుల్లో వస్తాం. ఇల్లు చూసుకోండి," అంది మామా.

పది రోజులు కాదు, పద్దెనిమిది గడిచాయి. నేను ఒక చోట కూర్చోలేకపోయేదాన్ని. కిటికీ దగ్గరికి వెళ్ళడం, రావడం, తలుపు గడియ చూడటం, మళ్ళీ కిటికీ. తుడిచిన గదినే మళ్ళీ తుడిచేదాన్ని. రొట్టెల వరుసలో నిలబడింది ఆమె. గేటు దగ్గరికి సిపాయిలు వస్తే ఎదురెళ్ళి మాట్లాడి పంపింది ఆమె. ఆ పొద్దు నేను బట్టల బుట్ట వెనక కూర్చుని దేవుళ్ళందరితో బేరమాడుతున్నాను.

హవల్లీలోనే ఒక బడిలో ఇండియావాళ్ళను, అరబీలో హిందీలను, పోగుచేసి బస్రా మీదుగా బస్సుల్లో ఇంటిదారి పట్టిస్తున్నారని తెలిసి ఇద్దరం వెళ్ళాం. జాబితా రాస్తున్నది మా కడప వైపు మనిషే, దజీజ్‌లో ఒక గోదాములో పనిచేసేవాడు. పాస్‌పోర్టు లేనివాళ్ళను కూడా, మన మనిషే అని ఎవరైనా పూచీపడితే రాసుకుంటున్నాడు.

"ఈమె యా ఊరు?" అన్నాడు ఆమెను చూసి.

"మా చిన్నాయన కూతురన్నా. చెల్లెలు."

"ఏదీ, ఒక మాట మాట్లాడమను."

"మాటలు రావన్నా. పుట్టు మూగది."

సరిగ్గా అప్పుడే ఆమె పక్కనున్న మనిషిని అరబీలో మంచినీళ్ళు ఎక్కడున్నాయని అడిగింది.

ఆయన కలం దించి నన్ను చూశాడు. "మూగదానికి అరబీ బాగానే వచ్చే."

నేను సిగ్గుపడలేదు. సిగ్గుపడితే బేరం పోతుంది. "అన్నా, ఇంతమందికి ఈడ వండేదెవరు? ముసలోళ్ళుండారు, పిల్లోళ్ళుండారు. మేమిద్దరం వండుతాం. రెండు పేర్లు రాయి."

"ఒకటి రాస్తా."

"అయితే ఒక పూటే వండుతా."

ఆయన నవ్వు ఆపుకుంటూ రెండు పేర్లు రాశాడు. నా పేరు కింద నా ఇంటిపేరుతోనే ఆమెకు ఒక పేరు. "బస్సోనికి తలకాయల లెక్కే కావాల. దావలో ఏమన్నా అడిగితే నువ్వే చూసుకో. ఆయమ్మను నోరు మూసుకొని ఉండమను," అన్నాడు.

నాలుగు రోజులు వండాం. ఆమె గరిటె తిప్పేది, నేను వడ్డించేదాన్ని. వేడికీ, జనానికీ, ఎప్పుడు బస్సు వస్తుందో తెలియకపోవడానికీ ఎవరికీ నిలకడ లేదు. ప్రతి మోటారు చప్పుడుకూ అందరం లేచేవాళ్ళం. ఇంటికి పోతే ఏం చేస్తావని ఆమెను అడిగాను. "మా ఊరికి కాదుగా, ముందు మీ ఊరికి. అక్కడ మీ అమ్మకు నన్ను ఎవరని చెప్తావో చూడాలి," అని నవ్వింది. మేం మాట్లాడుకునేది వంటింటి అరబీ. అందులో ఎగతాళికి కూడా మాటలు సరిపోయేవి.

ఐదో రోజు పొద్దున బస్సు వచ్చింది. డ్రైవరు ఇరాకీ, అలసిపోయిన మొహం. తలుపు దగ్గర నిలబడి జాబితా చూస్తూ ఒక్కొక్కరినీ లెక్కపెట్టి ఎక్కిస్తున్నాడు. మా వంతు వచ్చింది. కాగితంలో ఒకే ఇంటిపేరు, ఎదురుగా ఇద్దరు నల్లటి ఆడవాళ్ళు. అతనికి అనుమానమే రాలేదు. దారి ఇస్తూ, ఊరికే మర్యాదకు అడిగాడు.

"నీ చెల్లెలా?"

"లా, లా," అన్నాను, కాదు కాదని. "ఆమె హబషీ. నేను హిందీని."

ఎవరూ నన్ను బెదిరించలేదు. నేను ఆలోచించనూ లేదు. ఆమెతో నన్ను కలిపేసరికి ఒళ్ళు దానంతటదే ఒక అడుగు వెనక్కి జరిగింది. నాలుగు రోజులు నిలబెట్టుకున్న బేరాన్ని, కొనేవాడు సరే అన్నాక, నేనే చెడగొట్టాను.

డ్రైవరు చేయి అడ్డం పెట్టాడు. "జాబితాలో హిందీలే. దారిలో సిపాయిలకు తెలిస్తే బస్సు పట్టుకుంటారు. నాకు పిల్లలున్నారు."

కడపాయన పరుగున వచ్చాడు. "ఎంత పని చేసినావమ్మే. ఆయప్ప అడిగింది నీ జాతకమా?"

నేను బేరానికి దిగాను. చెల్లెలే, తమాషాకు అన్నానన్నాను. చెవికమ్మలు తీసి చూపించాను. సామాన్ల మధ్య కూర్చుంటుందన్నాను. ఆ మాట ఆమెను అడక్కుండానే అన్నాను. డ్రైవరు కమ్మల వైపు చూడను కూడా చూడలేదు. ధర చెప్పని మనిషితో ఏం చేయాలో మా నాయన నాకు నేర్పలేదు.

ఆమె నా మూట అందుకుని మెట్టు మీద పెట్టింది.

"ఖలాస్. నువ్వు అబద్ధం చెప్పలేదుగా," అంది.

"నేనూ ఉండిపోతా."

"ఉండి ఏం చేస్తావు? మళ్ళీ బుట్ట వెనక కూర్చుంటావా? చర్చి దగ్గర మావాళ్ళు ఉంటారేమో చూస్తాను. యల్లా, ఎక్కు."

ఎక్కాను. ఉండిపోతానని రెండోసారి అనలేదు. ఊరు చేరాక కువైట్ నుంచి వచ్చిన ప్రతి మనిషినీ అడిగాను, హవల్లీలో ఫలానా వీధిలో ఒక ఇథియోపియా మనిషి అని. పేరేమిటనేవాళ్ళు. జాబితాలో రాయించిన పేరు తప్ప నా దగ్గర మరో పేరు లేదు. రెండేళ్ళు ఒకే వంటింట్లో ఉండి నేను ఆమె పేరు అడగలేదు.

ఆ పొద్దు బస్సు కదిలేటప్పటికి నా పక్క సీటు ఖాళీగా ఉంది. వెనక నుంచి ఒకాయన తన టీవీ తెచ్చి అందులో పెట్టాడు. "ఎట్లా ఖాళీనే కదక్కా, కొంచెం పట్టుకో," అన్నాడు. డ్రైవరు అద్దంలో ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. బస్రా దాకా గుంతల రోడ్డు. బస్సు ఊగినప్పుడల్లా టీవీ నా మీదికి ఒరిగేది. రెండు చేతులతో దాన్ని నిలబెట్టి పట్టుకున్నాను.