వెండెల్ క్రౌడర్ పెట్టుకున్న ఒట్టు

మా ఎల్డన్ ఊళ్ళో పొగబెట్టిన కొకనీ చేప అంటే మార్వా క్రౌడర్ చేసిందే. ఆ మాట పెళ్ళికి వచ్చినవాళ్ళూ అంటారు, చావుకి వచ్చినవాళ్ళూ అంటారు. దాని రుచి తెలియనివాడు ఊరు మొత్తానికి ఒక్కడే, మార్వా మొగుడు వెండెల్. పందొమ్మిదేళ్లు ఆయన కొకనీ అన్నది నోట పెట్టలేదు. ఒంటికి పడక కాదు, ఒట్టు పెట్టుకుని.

ఆ ఒట్టు నా కొట్లోనే పడింది కాబట్టి సగం పాపం నాది. రిజర్వాయర్ రేవులో పడవలు అద్దెకిచ్చుకుంటూ, గాలాలూ కాఫీ అమ్ముకుంటూ ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. మే నెలాఖరుకి గానీ మంచుగడ్డ వీడని నీళ్ళు మావి. వాటిలో ట్రౌట్లు ఉన్నాయి, కొకనీలు ఉన్నాయి. ట్రౌట్‌కి ఆశెక్కువ, గాలం ముల్లుకి ఈకలూ దారం చుట్టి ఈగ అని చూపిస్తే నిజమే అనుకుని మింగుతుంది. కొకనీ అలా కాదు. సముద్రం మొహం చూడని సాల్మన్ అది, లోతు నీళ్ళలో కంటికానని నలుసులు తిని బతుకుతుంది. దానికి ఈగ చూపించడం నాకు సైన్యంలో చేరమని చెప్పడంతో సమానం.

అందుకే మావాళ్ళు పడవ వెనక తళతళలాడే రేకులు కట్టి లాగుతూ కొకనీలు పడతారు. సెప్టెంబరు దాటాక చేపలు ఎర్రబడి, ఏరు వచ్చి కలిసేచోట గుంపులు కడతాయి. అప్పుడు కొందరు ఎర లేని మూడు ముళ్ళ గాలం గుంపులోకి విసిరి, వీపుకో తోకకో తగిలించి లాగేస్తారు. చట్టం ఒప్పుకుంటుంది. వెండెల్ ఒప్పుకోడు.

పందొమ్మిదేళ్ల కిందట గొర్రెలు కాసే ఎలోయ్ ఓర్టెగా అలా లాగిన చేపలు రెండు బకెట్లు తెచ్చి నా కొట్లో దించాడు.

"అది చేపలు పట్టడం కాదురా ఎలోయ్, మంచం కిందికి పోయిన చెప్పుని కర్రతో లాక్కోవడం," అన్నాడు వెండెల్.

"అయితే నీ ఈకల ఈగతో ఒక్కటి పట్టు. నోటికి తగలాలి, ఆఁ! అప్పుడొచ్చి నీతులు చెప్పు."

"పడతా. పట్టేదాకా కొకనీ ముక్క నోట పెడితే ఒట్టు."

అందరం నవ్వాం. ఆ మరుసటేడే మార్వా వాళ్ళ నాన్న పోయి, ఆయన పొగగది ఆవిడ చేతికొచ్చింది. మార్వాకి ఆ పని అబ్బింది. ఉప్పునీళ్ళలో ఎంతసేపు నాననివ్వాలో, ఆపిల్ కట్టె ఎంత నెమ్మదిగా మండాలో ఆవిడ చేతికి తెలుసు. ఆగస్టులో పొగ వేసినప్పుడు మా వీధిలో కుక్కలు కూడా తిన్నగా నడవలేవు. ఆ మూడు రోజులూ వెండెల్ పికప్‌లో అద్దాలెక్కించుకుని కూర్చుని డబ్బా సార్డీన్లు తినేవాడు.

ఇక్కడ వెండెల్ ఎలాంటి మనిషో చెప్పాలి. ముప్ఫై నాలుగేళ్లు కనుమ రోడ్డు మీద మంచు తోసే బండి నడిపాడు. మిగిలిన బతుకంతా ట్రౌట్లకిచ్చాడు. గాలి నింపిన పెద్ద ట్యూబులో నడుందాకా దిగి, కాళ్ళకి బాతుపాదాల్లాంటి రబ్బరు తెడ్లు కట్టుకుని, గంటలకొద్దీ తేలుతూ ఉంటాడు. పట్టిన ప్రతి ట్రౌట్‌నీ వదిలేస్తాడు. గాలం కర్ర చేతపట్టిన ప్రతివాడికీ ఆయన చెప్పే పాఠం ఒక్కటే: చెయ్యి తడుపు, ముల్లు మెలిపెట్టు, వేళ్ళు తెరువు. "పడ్డానని చేపకి తెలిసేలోపు అది ఇంటికెళ్ళిపోవాలి" అంటాడు. ఆయన చెయ్యి ఆ పని చేస్తుంటే నేనెన్నోసార్లు చూశాను. రెప్పపాటు కూడా పట్టదు.

కొకనీ కోసం మాత్రం వేరే ఈగ చుట్టాడు. గులాబీ రంగంటే దానికి కోపమని ఎక్కడో విన్నాడట. మార్వా గులాబీ స్వెట్టర్ అంచు నుంచి పోగు లాగి చుట్టడం మొదలుపెట్టాడు. ఏటికి ఒక వేలి వెడల్పు చొప్పున ఆ స్వెట్టర్ పైకి పాకుతూ పోయింది. "నేను పోయేలోపు మెడపట్టీ అయినా మిగిలిస్తావా?" అనేది మార్వా. ఒక ఏడు చేప తోకకి తగిలింది. ఇంకో ఏడు నోటికే తగిలింది గానీ వల దగ్గర ఊడిపోయింది. పన్నెండో ఏడు ఒకటి పైకి తెచ్చి ఆయన గెంతబోతుంటే, పక్క పడవలోంచి మార్వాయే "రెక్కకి! రెక్కకి తగిలింది!" అని అరిచింది. రేవులో ఉన్న మాకు కూడా వినపడింది.

నా కొట్లో గోడకి ఒక నల్లబల్ల ఉంది. చెప్పుకోదగ్గ చేపలు దాని మీదికెక్కుతాయి: ఏ చేప, దేనికి పడింది, ఎక్కడ తగిలింది, చూసిందెవరు. చూసినవాళ్ళు లేకపోతే సుద్దముక్క ముట్టుకోను. ఒకసారి పాస్టరుగారి చేపని కూడా ఎక్కించలేదు. ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు, నాకు ఆదివారాలు హాయిగా గడిచాయి.

బయటికి అంతా నవ్వులాటే. కానీ మార్వాకి లోపల నొప్పి ఉండేది. ఓ రోజు పడవకి పెట్రోలు పోయించుకుంటూ అంది: "ఊరంతా బాగుందంటారు డాటీ. నలభై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషికి నచ్చుతుందో లేదో మాత్రం నాకు తెలీదు."

కిందటి జూలైలో ఆవిడ భుజం పట్టేసింది. కట్టెలు కొట్టలేకపోయింది. కొట్లో అందరి ముందూ చెప్పేసింది. "ఈ ఏడే ఆఖరు. వచ్చే వసంతానికి పొగగదిలో కోళ్ళు పెడుతున్నా."

"కోళ్ళా?" అన్నాడు వెండెల్.

"కోళ్ళే. గుడ్లు పెడతాయి. నువ్వు తింటావుగా గుడ్లు? వాటి మీదేం ఒట్టు లేదుగా?"

వెండెల్ కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ట్రౌట్ల జోలికే పోలేదు. తెల్లారకముందే నీళ్ళలో, పొద్దుగూకాక ఒడ్డున. డెబ్బై రెండేళ్ల మనిషి పెదాలు నీలంగా చేసుకుని వస్తుంటే తిట్టాలనిపించేది, జాలేసి కాఫీ పోసేదాన్ని.

సెప్టెంబరు రెండో వారం. కొండ మీద ఆస్పెన్ చెట్లు పసుపెక్కాయి. పొద్దున్నే గాలం కర్ర రింగుల్లో మంచు పేరుకుంటే, వెండెల్ వాటిని నోటితో ఊదుకుంటూ నీళ్ళలో దిగాడు. మార్వా ఆఖరి విడత చేపల కోసం రేకులు లాగుకుంటూ మలుపు దాటి వెళ్ళింది. తొమ్మిదింటికి అరుపు వినపడింది. కాఫీకి వచ్చిన ఎలోయ్, నేనూ గబగబా రేవు చివరికి వచ్చాం. ఏటి మూతి దగ్గర వెండెల్ రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. మునిగిపోతున్నాడనుకుని నేను పడవ తాడు విప్పబోయాను. మలుపులోంచి మార్వా పడవ దూసుకొచ్చింది. చాలాసేపు ఇద్దరూ అక్కడే ఉండిపోయారు.

చివరికి వచ్చారు. వెండెల్ రబ్బరు లాగు విప్పకుండానే కొట్లోకి నడిచాడు, నేలంతా నీళ్ళు. మామూలుగా అయితే చీపురుతో తరిమేదాన్ని.

"పడింది," అన్నాడు. "గులాబీ ఈగకి. పైదవడ మూలన. వీపు అప్పుడే ఎర్రబడుతోంది."

"ఏదీ?" అన్నాను.

మార్వా పెదవి కొరుక్కుంటూ కిటికీ వైపు తిరిగింది.

"వదిలేశా."

"ఏం చేశావ్?"

"చెయ్యి తడుపుకున్నా. ముల్లు మెలిపెట్టా." తన కుడిచెయ్యి వేరెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "వేళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయ్ డాటీ. అది తోకాడించుకుంటూ పోతుంటే అప్పుడు గుర్తొచ్చింది, అది ట్రౌట్ కాదని. అరిచిందప్పుడే."

"నేను వెళ్ళేసరికి," అంది మార్వా, "నీళ్ళలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. ఉంగరం పడిపోయినట్టు!"

అంతే, ఎలోయ్ పీపా మీద కూలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, కళ్ళనీళ్ళొచ్చేలా. మార్వా నవ్వి నవ్వి భుజం పట్టుకుంది. తరవాత మధ్యాహ్నానికి తెచ్చుకున్న పొట్లం తీసి బల్ల మీద విప్పింది. పొగ వాసన కొట్టంతా నిండింది.

"తిను," అంది.

వెండెల్ దాని వైపు చూశాడు. గుటక వేశాడు. తల అడ్డంగా ఊపాడు. "నల్లబల్ల మీద ఎక్కలేదుగా."

"ఒట్టు నీది, బల్ల డాటీది. తినవయ్యా."

"ఎవరూ చూడలేదు మార్వా. ఆ రోజు నువ్వు అరవకపోతే, రెక్కకి తగిలిందాన్ని నోటికే అనుకునేవాణ్ణి నేను. ఆశ ఉన్నవాడి కళ్ళని నమ్మకూడదు."

మార్వా నవ్వు ఆగిపోయింది. పొట్లం మళ్ళీ మడవసాగింది. అందరూ నా వైపు చూశారు. పాస్టరుగారికి లేదన్న సుద్దముక్క నా జేబులో ఉంది. నా మీద నాకే కోపం వచ్చింది.

ఎలోయ్ కళ్ళు తుడుచుకుని లేచాడు. "డాటీ, వీడు అబద్ధమే ఆడాలనుకుంటే పందొమ్మిదేళ్లలో ఏనాడో ఆడేవాడు. దారం తెగిందనేవాడు, గద్ద ఎత్తుకుపోయిందనేవాడు. చేజేతులా వదిలేశానని ఏ అబద్ధాలకోరు చెప్తాడు? కొకనీని నోటికి పట్టి దానికి టాటా చెప్పే వెధవ ఈ కొండల్లో ఒక్కడే."

ఆ మాట అన్నవాడు ఎలోయ్. ఒట్టు పెట్టించినవాడే. నేను కుర్చీ లాక్కుని ఎక్కాను. ఇలా రాశాను:

కొకనీ. గులాబీ ఈగకి. నోటికి. వెండెల్ క్రౌడర్. వదిలేశాడు. చేపని చూసినవాళ్ళు: లేరు. వెండెల్‌ని ఇన్నేళ్లుగా చూస్తున్నవాళ్ళు: అందరం.

వెండెల్ దాన్ని రెండుసార్లు చదివాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. మార్వా పొట్లం మళ్ళీ విప్పి, చేతులు కట్టుకుని, పొయ్యి వైపు చూస్తూ నిలబడింది.

ఆయన ఒక ముక్క తుంచి నోట పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. ఎలోయ్ చెయ్యి చాపితే పొట్లం ఇవతలికి జరుపుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మార్వా, ఇన్నేళ్లూ నువ్వు ఇది చేస్తుంటే, నేను పికప్‌లో కూర్చుని సార్డీన్లు తిన్నానా?"

"తిన్నావ్."

"నన్నెందుకు తన్నలేదు?"

"భుజం నొప్పి," అంది మార్వా. అని, వచ్చి ఆయన తడి చొక్కాకి మొహం ఆనించింది.

ఆ శనివారం వాళ్ళింటి వెనక గొడ్డలి చప్పుడు వినపడితే వెళ్ళి చూశాను. వెండెల్ ఆపిల్ కట్టెలు కొట్టి పొగగది గోడకి పేరుస్తున్నాడు, రెండేళ్లకి సరిపడా. పక్కన మెట్టు మీద కూర్చుని మార్వా గులాబీ స్వెట్టర్ మిగిలిన ముక్కకి కొత్త అంచు అల్లుకుంటోంది. కోళ్ళ సంగతి అడిగితే, ఏం కోళ్ళు అంది.