మామ వేసిన అతుకు ఊడలేదు

మా వీధి వెల్డింగ్ మామ పోయాడన్న వార్త నాకు వాట్సాప్ గ్రూపులో అందింది. పైన ‘నీళ్ల ట్యాంకరు సాయంత్రానికి గానీ రాదు’, కింద ‘ఎవరిదో కుక్కపిల్ల తప్పిపోయింది’, నడుమ ‘షెడ్డు పెద్దాయన పొద్దున టిఫిను తింటూ కూర్చున్నచోటే పోయినారు’. దాని కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టబోయాను, వేలు కదల్లేదు. ఎవరి సంతాపానికైనా అందరికంటే బరువైన మాటలతో హాజరయ్యేవాణ్ణి నేను. మా ఆఫీసులో కాఫీ మిషను చెడిపోతే లేచి నిలబడి నివాళి చదివినవాణ్ణి. అలాంటివాడికి ఆ రోజు ఒక బొమ్మ నొక్కడానికి కూడా మొహం చెల్లలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. బెంగళూరు యలహంక పాత ఊళ్లో మేం అద్దెకుండే మేడ కింద ఆయన షెడ్డు. హిందూపురం వైపు నుంచి పెళ్లికి ముందే వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నాది కడప అని తెలియగానే ‘మనోడే’ అన్నాడు. నేను మామా అన్నాను, వాళ్లావిడ అత్త అయింది, బంధుత్వం అలా రెండు నిమిషాల్లో కుదిరింది. మెకానికల్ చదివానని తెలిశాక ‘ఇంజనీరప్పా’ అని పిలిచేవాడు. అందులో గౌరవం పాలెంతో, వెటకారం పాలెంతో నాకు తేలనేలేదు.

అతుకు వేశాక నీళ్లు కొట్టి చల్లార్చే పద్ధతి ఆయనకు లేదు. “దాని పాటికి దాన్ని ఆరనీ అప్పా, తొందరేముండాది?” అని బోర్లించిన బకెట్టు మీద కూర్చునేవాడు. ఆరాక చిన్న సుత్తితో మూడుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. “ఇనుము పలకాల,” అనేవాడు. పలికిన తీరు నచ్చకపోతే మొత్తం కోసి మళ్లీ మొదలు.

నేనూ నా రూమ్మేటూ కలిసి సెకండ్ హ్యాండ్‌లో ఒక క్యాంపర్ ట్రైలర్ కొన్నాం. కారు వెనక తగిలించి ఈడ్చుకుపోయే చిన్న ఇల్లు అది. మూస్తే పెద్ద అగ్గిపెట్టె. పైకప్పు లేపితే గుడ్డ గోడలు లేచి రెండు మంచాల గుడారమవుతుంది. ఆ రెండు మంచాలు తప్ప లోపల దేనికీ చోటు లేదు. స్టవ్వు కాళ్ల దగ్గర, బియ్యం తల దగ్గర, గ్యాసు సిలిండరు ఇద్దరి మధ్యన పెళ్లికూతురిలా పడుకునేది. బయటివైపు ఒక సామాన్ల పెట్టె బిగించక తప్పదని మామ దగ్గరికి పోయాం.

ఆయన వెంటనే రేకు కొయ్యలేదు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి కోసి, కారుకు తగిలించే కొక్కెం వెనక, ట్రైలరు ముందు భాగంలో తాళ్లతో కట్టాడు. “వారం దీంతో కాపురం చెయ్యండి. కప్పు లేపండి, తలుపు తియ్యండి, మోకాలు యాడ తగుల్తాదో చూడండి. అట్ట అయితే కోసేయొచ్చు, ఇనుమైతే ఏడ్వాల.” వారం తర్వాత మా గిన్నెలన్నీ అందులో సర్దించి, కొక్కెం పట్టుకుని ముక్కు భాగాన్ని చేత్తో లేపి చూశాడు.

నాకు మాత్రం పెట్టె వెనకాల కావాలి. మూత కిందికి తెరిస్తే వంటగట్టులా ఉండాలి, వెనక కొండ కనబడాలి, నేను ఉప్మా కలుపుతూ ఫొటో దిగాలి. ఫోనులో లెక్క కట్టి చూపించాను.

“నువ్వు లెక్క చెయ్యి ఇంజనీరప్పా, నేను ఎత్తి చూస్తా. బరువు ముక్కు మీదుండాల. వెనక పెడితే బండి తోకాడిస్తాది. చెయ్యను పో.”

ముందరే బిగించాడు. పెట్టె అడుగున అతికిన రేకు పట్టీకి నాలుగు బోల్టులు, సీసం రంగు, వాన నీళ్లు పోకుండా మూతకు రబ్బరు అంచు. అంత చక్కటి పెట్టెను నేనేం చేశానంటే, రూమ్మేటు వాళ్ల బాబాయి ఖాళీ సైటులో ట్రైలరు నిలిపి ఉండగా, ఆ నాలుగు బోల్టులూ విప్పి పెట్టెను వెనక్కి మార్చాను. డ్రిల్లు అరువు తెచ్చాను. నాలుగు చిల్లుల్లో రెండే కుదిరాయి. రెండు చాలనుకున్నాను. డిగ్రీ ఉంది కదా.

దొడ్డబళ్ళాపురం రోడ్డు మీద బండి తోకాడించింది. సరిగ్గా మామ చెప్పినట్టే. కుడికీ ఎడమకీ ఊగి, ఒక స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగగానే పెట్టె ఊడి రోడ్డు మీద దొర్లింది. వెనక వచ్చే టెంపోవాడు బ్రేకు తొక్కి మా వంశాన్ని కన్నడంలో కడిగాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ట్రైలరు మళ్లీ సైటులో వదిలేసి, పెట్టెకు దుప్పటి చుట్టి డిక్కీలో వేసుకుని వచ్చాం.

వీధి మొదట్లో టీ అంగడి. షెడ్ల వాళ్లందరూ అక్కడే. “పెట్టె పడిపోయిందంట, ఏమైందప్పా?” అన్నాడు టీ అంగడాయన. ఇంజనీరుకు బరువు లెక్క తెలియలేదని చెప్పొచ్చు. నేను బెంచీ ఎక్కి, గుండె మీద చెయ్యి వేసుకుని, “స్వర్గీయ వెల్డింగు గారు దొడ్డబళ్ళాపురం దారిలో తుదిశ్వాస విడిచారు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం,” అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. గ్రిల్లు షాపు మేస్త్రికి టీ పొలమారింది.

దిగి చూస్తే మామ నా వెనకే ఉన్నాడు.

“నా అతుకా?”

“అవును మామా.”

“చూపించు.”

“అక్కడే పారేసి వచ్చాం.”

పెట్టె మా డిక్కీలో, ఆయనకు పదడుగుల దూరంలో ఉంది. ఆ రోజే దాన్ని మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక దాచాను.

మర్నాటి నుంచి మామ వెల్డింగు కర్ర పట్టలేదు. వచ్చిన పనంతా గ్రిల్లు మేస్త్రికి పంపేసి, గేట్లకు రంగులు వేస్తూ కూర్చున్నాడు. కంటి డాక్టరు దగ్గరికి పోయొచ్చాడు. “కన్ను బాగుండాది అన్నాడప్పా. అయితే చెయ్యే పోయింటాది. ఎవురి పిల్లోళ్ల మీదన్నా పడింటే?” అన్నాడు. ఆ మాట నాకే చెప్పాడు. నాతో! నేను “ఊరుకో మామా, నీ చేతికేం” అని ఓదార్చాను.

“ఒరేయ్, ఎప్పుడు చెప్తావు?” అని రూమ్మేటు వారం వారం అడిగేవాడు. ‘మంచి సందర్భం చూసి’ అనేవాణ్ణి. నిజం చెప్పినా మామ నవ్వాలి, నేను తేలిగ్గా బయటపడాలి, అలాంటి మాట ఒకటి దొరకాలని చూశాను. ఎనిమిది నెలలు చూశాను. ఈలోగా ఆయన పోయాడు.

పదకొండో రోజు పోయి అత్తకు మొత్తం చెప్పాను. ఆమె చాప అంచు సర్దింది.

“నాకు సుమ్నే, ఊరికే ఏంటికి చెప్తావు? ఆయన చెయ్యి మీద నాకెప్పుడన్నా అనుమానముండాదా? యాడ నవ్వించినావో ఆడికి పోయి చెప్పు.”

పెట్టె భుజాన పెట్టుకుని టీ అంగడికి పోయాను. బెంచీ ఎక్కలేదు. “ఆ రోజు ఊడింది మామ అతుకు కాదు. నేను బిగించిన బోల్టులు,” అన్నాను.

నవ్వారు. “మళ్లా మొదలుపెట్టినావా సామీ?” అన్నాడొకాయన. మళ్లీ చెప్పాను, ఇంకా నవ్వారు. నా మొహం అలా తయారైంది, ఏం చెప్పినా జనం తరవాతి ముక్క కోసం ఎదురుచూస్తారు. మూడోసారి పెట్టెను కింద దించి, బోల్టు చిల్లుల్లో వేలు పెట్టి చూపిస్తూ చెప్పాను. నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది.

గ్రిల్లు మేస్త్రి గ్లాసు కింద పెట్టి పెట్టెను తిరగేశాడు. చిల్లుల దగ్గర రేకు చీలిపోయి ఉంది. అతుకు పొడవునా బొటనవేలు మెల్లగా నడిపించాడు. పెట్టెను బల్ల మీదికి ఎత్తి పక్కకు జరిగాడు. తరవాత ఇంకొకాయన వచ్చి అలాగే వేలు నడిపాడు. ఆ తరవాత ఇంకొకాయన. ఎవరూ నా వైపు చూడలేదు. చివర్లో టీ అంగడాయన స్టవ్వు తగ్గించి బయటికొచ్చాడు. తడిచేతులు భుజం మీది తువ్వాలుతో రెండుసార్లు తుడుచుకుని, అప్పుడు ఆ అతుకును ముట్టుకున్నాడు.