నీరుకట్టు మీద మోపిన నేరం

కరోనా తగ్గిన మరుసటి ఏడు. నేను పలాసలో డయాలసిస్ నర్సుని. కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని మెషీన్‌తో శుభ్రం చేసే పని. ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఈ పని చేసేవాళ్లకి తీరిక ఉండదు.

బారువ నుంచి ఎర్రయ్య సోమ, గురువారాలు వచ్చేవాడు. సముద్రం మీద వేట మానేసి నాలుగేళ్లు. మూత్రం దాదాపు ఆగిపోయింది, ఒళ్లంతా దురద. "మావా, కొబ్బరినీళ్ల జోలికెళ్లావా?" అని వచ్చినప్పుడల్లా దబాయించేదాన్ని. వాటిలో పొటాషియం ఎక్కువ. మంచి కిడ్నీ అయితే దాన్ని బయటికి పంపేస్తుంది. లేకపోతే అది ఒంట్లో పేరుకుని గుండెని ఆపేస్తుంది.

"నేదమ్మా, సెట్టుకేసి కూడా సూడ్నేదు" అని నవ్వేవాడు.

దురద తగ్గుతుందని ఎవరో చెబితే, ఒక బుధవారం పొద్దున్న భార్య కాములమ్మతో ఇచ్ఛాపురం దాటి ఒడిశా కొండల్లోని వేడినీటి బుగ్గకి వెళ్లాడు. బుగ్గ నీళ్లు చల్లారి కాలువగా పారేచోట ఒక పాము అతని కాలి మీద కరిచింది. అక్కడి జనం దాన్ని కొట్టి చంపారు. కాములమ్మ దాని ఫొటో పంపించి ఫోన్ చేసింది.

ఒంటినిండా నల్లటి గళ్లు, కంటి కింద రెండు చారలు. సోంపేట పొలాల్లో పెరిగినదాన్ని, నాకు తెలియదా? నీరుకట్టు. కప్పల కోసం కాలువల్లో తిరుగుతుంది, విషం ఉండదు.

"భయం లేదక్కా. సబ్బుతో కడుగు. రేపెలాగూ డయాలసిస్‌కి వస్తారుగా" అన్నాను. నవ్వాను కూడా.

ఇంటికెళ్లాక నా మాట ఎవరూ నమ్మలేదట. మూత్రంలో విషం కొట్టుకుపోతుందని పెరటి చెట్లెక్కి బొండాలు దింపారట. మూత్రమే రాని మనిషికి.

గురువారం పొద్దున్న ఎర్రయ్యని ఆటోలోంచి ఎత్తి దించారు. కాళ్లు కదలడం లేదు. ఈసీజీ చూసి డాక్టరుగారి మొహం మారిపోయింది. ఇంజెక్షన్లు ఇస్తూ మెషీన్‌కి కలిపేలోపే గుండె ఆగింది. పొటాషియం రిపోర్టు ఆ తర్వాత వచ్చింది. మేం అనుకున్నదే.

వరండాలో కాములమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కొబ్బరినీలు వొద్దన్నాడమ్మా. సిస్టరు తిడతాదన్నాడు. ఇసం కన్నా ఎక్కువేటని నేనే బలవంతంగా తాగించీసినాను. దానికి గానీ పోనాడేటి?"

జవాబు నాకు తెలుసు. అది విని ఆవిడ బతకగలదని నాకు అనిపించలేదు.

"కాదక్కా. అది విషప్పామే. ఫొటోలో నేనే పోల్చుకోలేకపోయాను."

నా మొహంలోకి చూసింది. "నవ్వినావు గదే" అని చెయ్యి వదిలేసింది.

విషం లేదని చెప్పడంతో నా పని అయిపోయిందనుకున్నాను. భయపడ్డవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరు, ఏదో ఒకటి చేస్తారు. ఇప్పుడు ఏ పాము కరిచిందని ఫోనొచ్చినా ముందు ఆసుపత్రికి రమ్మంటాను. ఏం తాగించారని అడుగుతాను. ఇలా అడగాలని నాకు ఎర్రయ్య పోయాకే తెలిసింది.

కిందటేడు సోంపేట బస్టాండులో కాములమ్మ ఎండుచేపల బుట్టతో ఎదురైంది. పలకరించబోయాను. మొహం తిప్పుకుని, ఏదో గొణుక్కుంటూ బస్సెక్కింది. నన్నే తిట్టుకుంటోంది. తిట్టుకోనీ. తనని తాను తిట్టుకోకుండా ఉంటే నాకు అంతే చాలు.