గార్డు డబ్బాకు నిమ్మకాయల పూజ

మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పాలు పొంగబెడతాడు, తాళంచెవి పారేసుకుంటాడు. నేను రైలు పారేసుకున్నాను. మొత్తం రైలు కాదులెండి, దాని చివరి డబ్బా. కాకపోతే ఆ డబ్బాలో మా అవ్వ ఉంది. అవ్వ అంటే మా వైపు అమ్మే. ఇక నా గతి మీరే ఊహించుకోండి.

మా బాపు, అంటే నాన్న, గూడ్సు గార్డు. చక్కెర బస్తాల బండి బోధన్‌లో బయలుదేరిందంటే చిట్టచివరి డబ్బాలో ఆయన ఉండేవాడు. డబ్బాకు అటూ ఇటూ చిన్న వరండా, లోపల ఒక బల్ల, బ్రేకు బిగించడానికి ఒక ఇనుప చక్రం. ఇప్పుడు గూడ్సు వెనక మిణుకుమనే దీపం తగిలించి పంపుతున్నారు, మనిషి అక్కర్లేదట. అలా పని పోయిన ఒక గార్డు డబ్బా బోధన్ పాత సైడింగులో, అంటే వాడకం పోయిన పక్క పట్టాల మీద, సర్కారు తుమ్మల మధ్య ఏళ్లుగా నిలబడి ఉంది. బాపు పోయాక అవ్వ మనసంతా దాని మీదే.

"నౌకరి చేసినన్ని దినాలు మీ బాపు నన్ను ఒక్కపారన్న ఎక్కియ్యలే. కట్టుకున్నదాన్ని, దొంగనా నేను?" అనేది.

ఇంతలో దాన్ని గ్యాసు కట్టరుతో కోసి తుక్కు కింద అమ్మేస్తారని తెలిసింది. అవ్వ అన్నం ముట్టలేదు. నేను ఆఫీసుల చుట్టూ తిరిగి, దండాలు పెట్టి, ఒక రైల్వే సారును పట్టుకున్నాను.

"డబ్బా కదిలితే నిజామాబాద్ తీసుకొచ్చి స్టేషన్ ముందు పెట్టిద్దాం, నలుగురూ చూస్తారు. చక్రాలు పట్టేసి ఉంటే మాత్రం నా చేతిలో ఏమీ లేదు, అక్కడే కోసేస్తారు. ఆదివారం వచ్చి చూస్తాను," అన్నాడాయన.

నాది హార్డ్‌వేర్ దుకాణం. దుకాణంలోని నూనె చక్రాలకు పోశాను, డబ్బాకు రంగు వేశాను. పెయింటర్ పోశెట్టన్న తోడొచ్చాడు. తుప్పు గీకుతుంటే కింద నుంచి పాత తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఇద్దరం గుళ్లో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాం.

ఆదివారం సారు వచ్చేసరికి అవ్వ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలతో తయారుగా ఉంది. కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం చూడండి, ఆ పూజ.

"చక్రాల కింద రాళ్లున్నయి గదరా, నిమ్మకాయలు ఏడ పెట్టాలె?" అంది.

"తీసేస్త తియ్ అవ్వ."

"ఉండనియ్ తమ్మి, రాళ్లు ఊకెనే పెడుతరా?" అన్నాడు పోశెట్టన్న.

"ఏండ్ల సంది కదల్లే అన్న, ఇయ్యాల్నే కదులుతదా?"

నా తెలివి చూశారా? డబ్బా కదలాలని మొక్కుకున్నవాణ్ని, కదలదులే అన్న ధైర్యంతో రాళ్లు తీసేశాను. వాటి స్థానంలో నిమ్మకాయలు పెట్టాను.

అవ్వ మొదటిసారి మెట్లెక్కి, బల్లను కొంగుతో తుడిచి కూర్చుంది. సారును మెప్పించాలని నేనూ ఎక్కి బ్రేకు చక్రం పట్టుకున్నాను. "చూడండి సార్, ఎంత తేలిగ్గా తిరుగుతుందో," అంటూ గిరగిరా తిప్పాను. తిప్పి, కొబ్బరికాయ కోసం కిందికి దిగాను.

పచక్‌మని నిమ్మకాయలు చిట్లాయి.

"తమ్మి," అన్నాడు పోశెట్టన్న మెల్లగా, "డబ్బ పోతున్నది."

నిజంగానే పోతోంది. ఇంజను లేదు, కూత లేదు, తోసేవాడు లేడు. ఆ లైను చివరి మట్టికట్ట వైపు వాలుగా ఉందన్న సంగతి, నేను చక్రం తిప్పింది బ్రేకు వదులయ్యే వైపన్న సంగతి నాకప్పుడే తెలిశాయి. తుమ్మకొమ్మలు విరుచుకుంటూ, కొత్త రంగు ఎండలో మెరుస్తుంటే, డబ్బా దర్జాగా వెళ్తోంది. సారు చేతిలో కొబ్బరికాయ పెట్టేసి పరుగందుకున్నాను.

"అవ్వా, చక్రం తిప్పు, బ్రేకు బిగియ్!"

"ఎటు దిక్కు తిప్పాలె?"

"కుడి దిక్కు!"

"జర సేపైనంక తిప్పుత తియ్."

అని వరండాలోకి వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడింది. పక్క మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. అవ్వ వాళ్లకు చెయ్యి ఊపింది. భయమేస్తున్నా ఒళ్లంతా పులకరించింది. చచ్చిందనుకున్న ఇనుము మా అమ్మను ఎక్కించుకుని నడుస్తోంది, నేను దాని పక్కన ఏడుస్తూ నవ్వుతూ పరుగెత్తుతున్నాను.

చివరికి మట్టికట్టకు మెత్తగా ఆనుకుని ఆగింది. ఒక కాలికి చెప్పు లేకుండా, రొప్పుతూ చేరాను. వెనకే కొబ్బరికాయతో సారు.

"తప్పయిపోయింది సార్," అని చేతులు జోడించాను.

ఆయన నన్ను చూడనే లేదు. వంగి చక్రాన్ని అరచేత్తో తడిమాడు. "ఇంకా ప్రాణముందండీ దీనికి," అన్నాడు మెల్లగా. "కోయనివ్వను. నిజామాబాద్ తీసుకెళ్దాం."

"అయితే నేను గిందుల్నే వస్త సారూ," అంది అవ్వ పైనుంచి. "గీ పోరగాన్ని మాత్రం దగ్గరికి రానియ్యకుండ్రి."

ఆమె సాయంత్రందాకా దిగలేదు, అన్నం అక్కడికే తెచ్చాం. పోశెట్టన్న సాక్షిగా నేను ప్రమాణం చేశాను: ఎవరి బండి చక్రం కింద రాయి కనిపించినా దండం పెట్టి పక్కనుంచి పోతాను. రైలెక్కిన మా అవ్వను మాత్రం ఈ జన్మలో దిగమని అడగను.